మూడు వేల పదాల జాబితానా, ఫోన్‌లో కార్డులా, రోజూ పేపరా? ఎంట్రన్స్ ఇంగ్లిష్‌కి ఎవరికి ఏ దారి

ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యాక ఇంగ్లిష్ చెప్పించుకోడానికి మా ఇంటికొచ్చే పిల్లల చేతుల్లో దాదాపు ఒకే వస్తువు ఉంటుంది. స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్సు కట్ట. కోచింగ్‌లో ఇచ్చారట. 3,000 ఇంగ్లిష్ పదాలు, పక్కన అర్థాలు, ఏ నుంచి జెడ్ దాకా వరస. మొదటి పాతిక పేజీలు నలిగిపోయి, అంచులు మడతలు పడి, పసుపు హైలైటర్ పూసుకుని ఉంటాయి. ఆ తర్వాత పేజీలన్నీ కొత్త నోట్లలా పెళపెళలాడుతుంటాయి. ఏ, బి అక్షరాలతో మొదలయ్యే కష్టమైన పదాలు మన పిల్లలకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రావేమో.

ఎంసెట్‌లో (ఇప్పుడది ఈఏపీసెట్), జేఈఈలో ఇంగ్లిష్ ప్రశ్నలుండవు కాబట్టి రెండేళ్లు ఆ సబ్జెక్టుని పక్కన పెట్టేస్తాం. క్లాట్ రాసి శామీర్‌పేటలోని నల్సార్‌కో విశాఖ లా యూనివర్సిటీకో వెళ్దామనుకున్నవాళ్లకీ, సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీటు కోసం సీయూఈటీ రాసేవాళ్లకీ, ఇండోర్ ఐఐఎంలో ఐదేళ్ల కోర్సు కోసం ఐపీమ్యాట్ రాసేవాళ్లకీ, విదేశాల్లో డిగ్రీ కోసం శాట్ రాసేవాళ్లకీ అక్కడే టెన్షన్ మొదలవుతుంది. పదాలు పెంచుకోవాలి, సరే. ఎలా? జాబితా బట్టీ పట్టాలా, ఫోన్‌లో యాప్ పెట్టుకోవాలా, పదాల మూలాలు నేర్చుకోవాలా, రోజూ పేపర్ చదవాలా? తలా ఒకటి చెబుతారు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, మీ పరీక్ష పదాన్ని ఏ రూపంలో అడుగుతుందన్నది. చాలామంది దీన్ని చూడకుండానే పుస్తకం కొనేస్తారు.

| పరీక్ష | ఇంగ్లిష్ ఎంత | పదాలు ఎలా అడుగుతారు | తప్పు రాస్తే |
|---|---|---|---|
| క్లాట్ యూజీ | 120లో 22 నుంచి 26 ప్రశ్నలు | సుమారు 450 పదాల పాసేజీ ఇచ్చి, అందులోని మాటకి అక్కడ ఏ అర్థమో అడుగుతారు | 0.25 మార్కు కోత |
| సీయూఈటీ ఇంగ్లిష్ | 50 ప్రశ్నలు, 60 నిమిషాలు | పాసేజీలతో పాటు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, సరైన మాట ఎంపిక | 1 మార్కు కోత, సరైనదానికి 5 |
| ఐపీమ్యాట్ ఇండోర్ | 40 నిమిషాల వెర్బల్ విభాగం | పాసేజీలు, పదాలు, నానుడులు, వాక్యాల అమరిక | ఆప్షన్ల ప్రశ్నలకి 1 మార్కు కోత, సరైనదానికి 4 |
| శాట్ | 54 ప్రశ్నలు, 64 నిమిషాలు | 25 నుంచి 150 పదాల చిన్న పాసేజీలో ఖాళీ ఇచ్చి, అతికే మాట అడుగుతారు | కోత లేదు |

పట్టికలో మూడో గడి చూడండి. సీయూఈటీలోనూ, కొంతవరకు ఐపీమ్యాట్‌లోనూ తప్ప, పదాన్ని ఒంటరిగా నిలబెట్టి 'దీని అర్థమేంటి' అని అడగడం తగ్గిపోయింది. శాట్‌లో వ్యతిరేక పదాల ప్రశ్నలు 1994లో పోయాయి, 'దీనికి అది ఎలాగో దానికి ఇది' తరహా ప్రశ్నలు 2005లో పోయాయి. పాతరకం వాక్య పూరణ 2016లో పోయింది. శాట్ కంప్యూటర్ మీదకి మారాక, అంటే మనకి 2023 నుంచి, ఖాళీ నింపే ప్రశ్న మళ్లీ వచ్చింది గానీ, దాని చుట్టూ చిన్న పేరా ఉంటుంది. ఆ పేరా అర్థమైతేనే జవాబు దొరుకుతుంది. మార్కెట్లో తిరిగే లావుపాటి జాబితాల్లో చాలా వాటి పుట్టుక ఆ పాత ప్రశ్నల కాలానిదే. ప్రశ్నలు పోయాయి, జాబితాలు మిగిలాయి.

రెండోది, చేతిలో ఎన్ని నెలలున్నాయన్నది. మూడోది, ఇప్పుడు మీరెక్కడ ఉన్నారన్నది. దీనికి పరీక్షేమీ అక్కర్లేదు. ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం ఒకటి తీసుకుని తెలియని మాటల కింద గీత పెట్టండి. ఐదారు గీతలు పడితే ఒక దారి, ముప్ఫై పడితే వేరే దారి. నాలుగోది, నేర్చుకున్నది ఎంతకాలం నిలుస్తుందన్నది. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల గుంపులు తనే బట్టీ పట్టి, ఎంత వేగంగా మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లోనే ప్రచురించాడు. మొదటి రోజే చాలా భాగం జారిపోతుంది. మళ్లీ మళ్లీ చూస్తేనే నిలుస్తుంది. కాబట్టి ఏ పద్ధతినైనా 'తిరగేయడానికి ఇందులో ఏర్పాటుందా' అని అడగండి.

జాబితా బట్టీ

దీని లాభాలు ముందు చెప్పాలి. చవక. ఫోన్ అక్కర్లేదు. ఎంత అయిందో, ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. సీయూఈటీ లాంటి, పర్యాయపదాలు నేరుగా అడిగే పరీక్షకి సూటిగా పనికొస్తుంది.

ఇక చిక్కు. మొన్నామధ్య ఒకమ్మాయి జాబితాలో ఈ మాటలకి పక్కన రాసుకున్న అర్థాలు చూశాను. 'మిటిగేట్' అంటే తగ్గించు. 'ఎలీవియేట్' అంటే తగ్గించు. 'అబేట్' అంటే తగ్గు. 'కర్టైల్' అంటే తగ్గించు. నాలుగూ కరెక్టే. పరీక్షలో నాలుగూ ఒకే ప్రశ్నకి ఆప్షన్లుగా వస్తే మాత్రం ఆ పిల్ల చేతిలో ఏమీ లేనట్టే.

ఆ నాలుగింటినీ తెలుగులోనే విడదీద్దామని కూర్చున్నాం. వరదొస్తే నష్టం ఎక్కువ కాకుండా ముందే గట్టు వేస్తాం చూడండి, అది 'మిటిగేట్'. తలనొప్పికి అమృతాంజనం రాస్తే నొప్పి పూర్తిగా పోదు గానీ ఉపశమిస్తుంది, అది 'ఎలీవియేట్'. పొద్దుటి నుంచి కురిసిన వాన సాయంత్రానికి తెరిపిచ్చింది, అది 'అబేట్'. ఇది వాన దానంతటదే చేసే పని, ఒకళ్లు చేసేది కాదు. ప్రభుత్వం నిధులకో హక్కులకో కోత పెట్టింది, అది 'కర్టైల్'. నాలుగు బొమ్మలు కళ్లముందుకి రావడానికి పది నిమిషాలు పట్టింది. 'ఇలా అయితే మూడు వేలు ఎప్పటికవుతాయి మేడమ్' అంది ఆ అమ్మాయి. కావు. అవ్వక్కర్లేదు కూడా.

లెక్క చూసినా అంతే. 3,000 పదాలు 90 రోజుల్లో అంటే రోజుకి 33. మర్చిపోయినవి తిరగేయడం దీనికి అదనం. ఫిజిక్స్ రికార్డు రాస్తూ, ప్రీ ఫైనల్స్ రాస్తూ ఎవరూ చేయలేరు. అందుకే ఏ, బిల దగ్గరే పేజీలు నలుగుతాయి.

జాబితానే కావాలనుకుంటే మంచి జాబితా ఎంచుకోండి. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా యూనివర్సిటీలో ఎవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసి 2000లో ప్రచురించిన అకడమిక్ పదాల జాబితా ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ పుస్తకాల్లో, వ్యాసాల్లో ఏ సబ్జెక్టులోనైనా ఎదురయ్యే 570 పద కుటుంబాలు, అంటే ఒక మాటా దాన్నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. అక్షర క్రమంలో కాకుండా, ఎక్కువగా వాడేవి ముందుండేలా 60 చొప్పున తొమ్మిది గుంపులు, చివర 30తో ఒకటి. 'అంబిగ్యుయస్', 'ఇంప్లిసిట్', 'కాంట్రడిక్ట్' లాంటివి అందులో ఉంటాయి. చూడ్డానికి గొప్ప పదాల్లా ఉండవు. పాసేజీ అర్థం కాకుండా అడ్డుపడేవి మాత్రం ఎక్కువగా ఇవే.

ఫ్లాష్ కార్డులు

జాబితాలో లేనిది ఇక్కడుంది, తిరగేసే ఏర్పాటు. అంకీ లాంటి యాప్‌లో కార్డు చూసి, అర్థం గుర్తొచ్చిందో లేదో మీరే నొక్కుతారు. గుర్తొచ్చిన కార్డు నాలుగు రోజులకో పది రోజులకో మళ్లీ వస్తుంది. రానిది ఇంకాసేపటికే ఎదురొస్తుంది. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్ ఫోన్లో అంకీ ఉచితం. ఐఫోన్లో మాత్రం డబ్బు కట్టాలి.

ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, ఉత్సాహంతో రోజుకి 20 కొత్త కార్డులు పెట్టుకోవడం. మొదటి వారం హాయిగా ఉంటుంది. నాలుగైదు వారాలయ్యేసరికి రోజూ తిరగేయాల్సినవి 150, 200 అవుతాయి. ఊరెళ్లి నాలుగు రోజులు మానేస్తే తిరిగొచ్చేసరికి కుప్ప చూసి యాప్ తీసేస్తారు. రోజుకి ఎనిమిది, పది చాలు. రెండోది, ఎవరో తయారుచేసి పెట్టిన కార్డుల కట్టని దింపుకోవడం. అది కూడా జాబితానే, కాకపోతే ఫోన్లో ఉన్న జాబితా. కార్డు రాయడంలోనే సగం నేర్చుకోవడం అయిపోతుంది. ఆ సగాన్ని వదులుకోకండి.

ఇంటర్ హాస్టళ్లలో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి కాగితం కార్డులూ బాగానే పనిచేస్తాయి. పాత శుభలేఖలు కత్తిరిస్తే వెనక వైపు తెల్లగా, అట్ట గట్టిగా ఉంటుంది. ఒక స్వీటు డబ్బాలో అట్టముక్కలు నిలబెట్టి నాలుగు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి. గుర్తొస్తే కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, రాకపోతే మళ్లీ మొదటి అరలోకి. సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే, స్వీటు డబ్బా మాత్రం మనది.

కార్డు మీద ఏం రాయాలి? ముందు వైపు పదం కాదు, పదం ఉన్న వాక్యం, ఆ పదం చోట ఖాళీ. వెనక వైపు ఆ పదం, దానికి తెలుగులో దగ్గరగా తగిలే మాట. అర్థం తెలుగులో రాస్తే తప్పన్నట్టు కొన్ని చోట్ల చెబుతారు. నేనొప్పుకోను. 'ఈక్వివొకేట్' అంటే ఇంగ్లిష్ నిఘంటువులో ఒకటిన్నర వాక్యం ఉంటుంది. 'గోడమీద పిల్లిలా మాట్లాడటం' అంటే అయిపోయింది. 'లాకోనిక్' అంటే ముక్తసరి, 'సైకోఫెంట్' అంటే భజనపరుడు, 'ఫాస్టిడియస్' అంటే ఓ పట్టాన నచ్చనివాడు. సరిగ్గా తగిలే తెలుగు మాట దొరికిన పదం మళ్లీ జారిపోదు. దొరకని చోట మాత్రం 'తగ్గించు' లాంటి ఒంటి మాటతో సరిపెట్టకండి. ఉదాహరణ రాసుకోండి.

మూలపదాలు

లాటిన్, గ్రీకు ముక్కలు నేర్చుకుంటే వాటితో పుట్టిన పదాలు గుత్తులుగా వస్తాయన్నది ఈ పద్ధతి. లాటిన్‌లో 'మాట్లాడు' అనే మూలం నుంచి అనర్గళంగా మాట్లాడే 'ఎలొక్వెంట్', వాగుడుకాయ 'లొక్వేషస్', వాడుక భాషకి చెందిన 'కొలోక్వియల్', డొంకతిరుగుడు 'సర్కమ్‌లొక్యూషన్' వచ్చాయి. ఒక్క దెబ్బకి నాలుగు. తెలుగు బాగా చదువుకున్న పిల్లలకి ఇది సులువుగా ఎక్కుతుంది. ఉపసర్గలు మనకి కొత్త కాదు కదా.

ఆ ఉపసర్గలే దీని లోపం కూడా చెబుతాయి. హారం అన్న ముక్క ముందు ఆ పెడితే తినేది, వి పెడితే షికారు, సం పెడితే చంపడం, పరి పెడితే నష్టానికి ఇచ్చే డబ్బు. ముక్కలు తెలిసినంత మాత్రాన ఆహారానికీ సంహారానికీ తేడా ఎవరూ ఊహించలేరు. ఇంగ్లిష్‌లోనూ అంతే. 'ఇన్' అంటే కాదు అని నేర్చుకున్నవాడు 'ఇన్‌ఫ్లేమబుల్' చూసి మండనిది అనుకుంటాడు. అది మండేదే. 'మెటిక్యులస్' లాటిన్ మూలంలో భయం ఉంది. ఇవాళ దాని అర్థం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పని. సంస్కృతంలో స్థితి అని మాత్రమే అర్థమున్న అవస్థ మన నోట్లో పడి తిప్పలుగా మారలేదా, అలాగన్నమాట.

అందుకని మూలాలని గుర్తుపెట్టుకోడానికి వాడండి, ఊహించడానికి కాదు. నలభై, యాభై మూలాలు చాలు. ఏడాది టైమున్నవాళ్లకే ఇది, రెండు నెలలున్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

చదవడం

నిదానమైన దారి ఇదే, నా ఓటు కూడా దీనికే. పదం ఒంటరిగా కాకుండా దాని చుట్టాలతో సహా కనబడుతుంది. ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో, మెచ్చుకోడానికి వాడతారో దెప్పడానికి వాడతారో అక్కడే తెలుస్తుంది. క్లాట్, శాట్ అడిగేది సరిగ్గా ఇదే.

ఇంకో లాభం, జాబితాలు అసలు పట్టించుకోని పదాలు బయటపడతాయి. ఇవి మనకి తెలిసినవే అనుకునే పదాలు. 'క్వాలిఫై' అంటే మనకి అర్హత సాధించడం. వ్యాసంలో ఒక శాస్త్రవేత్త తన మాటని 'క్వాలిఫై' చేశాడంటే, 'అన్ని చోట్లా కాదు, ఇంతవరకే' అని షరతు పెట్టాడని. 'టెంపర్' అంటే కోపం, క్రియగా వాడితే ఘాటు తగ్గించడం. 'కాంపౌండ్' అంటే మనకి ప్రహరీ, క్రియగా ఉన్న సమస్యని ఇంకా ముదరబెట్టడం. 'ఛాంపియన్' క్రియగా వస్తే ఒకరి పక్షాన గట్టిగా నిలబడటం. రోజూ తెలుగులో వాడే ఈ మాటల దగ్గరే తెలివైన పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. తెలియదన్న అనుమానమే రాదు కదా.

ఏం చదవాలన్నది పరీక్షని బట్టి. క్లాట్‌కి పేపర్లో అభిప్రాయాల పేజీ, మంచి కథలు, వ్యాసాలు. శాట్‌కి సంపాదకీయాలు ఒక్కటే చాలవు. అందులో సైన్సు, చరిత్ర, సాహిత్యం ముక్కలొస్తాయి కాబట్టి సైన్సు వ్యాసాలు కలుపుకోండి. రోజుకి ఒక్క వ్యాసం, నలభై నిమిషాలు. మొదటిసారి డిక్షనరీ ముట్టకుండా చదవాలి. రెండోసారి, ఏ పదం తెలియకపోతే వాక్యం విరిగిపోతోందో దాన్ని మాత్రం చూడాలి. ఐదుకి మించి రాసుకోవద్దు. తెలియని ప్రతి పదానికీ ఆగితే వారంలో విసుగొచ్చి మానేస్తారు. నేనే చాలామందిని చూశాను.

చిక్కేమిటంటే, మొదటి రెండు నెలలు ఏమీ పెరిగినట్టు అనిపించదు. ఇంట్లో వాళ్లకి మీరు పేపర్ చదువుతూ కూర్చున్నట్టే కనిపిస్తుంది. ముప్ఫై గీతలు పడే స్థాయిలో ఉన్నవాళ్లకి అసలు అర్థమే కాక నిరుత్సాహం వస్తుంది. వాళ్లు ముందు ఆ 570 కుటుంబాలు పూర్తిచేసి ఇటు రావాలి.

నాలుగూ పక్కపక్కన

| పద్ధతి | ఫలితం కనబడేది | రోజుకి | నిలవడం | బాగా సరిపోయేది |
|---|---|---|---|---|
| జాబితా | రెండు మూడు వారాల్లో | 30 నిమిషాలు | తిరగేయకపోతే తక్కువ | సీయూఈటీ |
| సొంత కార్డులు | నెలన్నరలో | 20 నిమిషాలు | బాగా ఎక్కువ | అన్నిటికీ |
| మూలపదాలు | మూడు నెలల తర్వాత | వారానికి రెండు రోజులు | మధ్యస్థం | ఐపీమ్యాట్, సీయూఈటీ |
| చదవడం | మూడు నాలుగు నెలల తర్వాత | 40 నిమిషాలు | ఎక్కువ | క్లాట్, శాట్ |

టైములు నా దగ్గర చదివిన పిల్లల్ని చూసి వేసినవి, మీకు కాస్త అటూ ఇటూ అవుతాయి. రోజుకో పదం చెప్పే రీల్స్‌ని పట్టికలో పెట్టలేదు. చూడ్డానికి బాగుంటాయి, అంతే.

మీరెవరైతే ఏది

తెలుగు మీడియంలో పది చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లు గొప్ప పదాల వెంట పడొద్దు. మొదటి మూడు నెలలు కాక్స్‌హెడ్ జాబితా, దాని నుంచి సొంత కార్డులు, రోజుకి ఎనిమిది. లెక్కకి 570 రెండున్నర నెలల్లో అయిపోతాయి. తర్వాత చదవడం.

సీయూఈటీ మూడు నెలల్లో ఉందనుకోండి, మొహమాటపడకుండా జాబితాతోనే వెళ్లండి. కాకపోతే 800 పదాల లోపు చిన్న జాబితా పెట్టుకుని కార్డులుగా మార్చండి. పాత ప్రశ్నపత్రాల్లో తప్పుపోయిన పదాలు ముందు, జాబితాలోవి తర్వాత.

క్లాట్‌కి ఏడాది ఉన్నవాళ్లు చదవడం, దాన్నుంచి కార్డులు. జాబితా కొనొద్దు. ఇక్కడ తప్పుకి కోత ఉంది కాబట్టి సగం తెలిసిన వంద పదాల కంటే బాగా తెలిసిన ముప్ఫై మేలు. శాట్‌కి కూడా దాదాపు అంతే. ఆ పరీక్ష పెట్టే బ్లూబుక్ యాప్‌లోనే ఉచిత మాక్ పరీక్షలుంటాయి. ఒకటి రాసి, పదాల ప్రశ్నల్లో ఎన్ని పోయాయో చూసుకున్నాకే మిగతా ఆలోచన. ఆప్షన్లలోని పదం తెలియక పోయిందా, పేరా అర్థంకాక పోయిందా అన్నది విడిగా గుర్తుపెట్టుకోండి. రెండోదే ఎక్కువైతే కార్డులు పెంచి లాభం లేదు.

అమెరికాలో పెరిగిన మన పిల్లల గురించి వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడుగుతుంటారు, పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషేగా, మరి ఈ మార్కులేంటని. మాట్లాడే ఇంగ్లిష్ వేరు, వందేళ్ల కిందటి వ్యాసంలో ముక్క చదివే ఇంగ్లిష్ వేరు. వాళ్లకి కార్డులు కూడా అక్కర్లేదు, పుస్తకాలు కావాలి.

ఇక ఆ స్పైరల్ కట్ట. డబ్బు పెట్టి కొన్నది, పారేయమని చెప్పను. పరీక్షకి నెల ముందు తీసి, తెలిసిన పదాలు కొట్టేసుకుంటూ వెళ్లండి, ఏవి మిగిలాయో తెలుస్తుంది. కాకపోతే ఈసారి జెడ్ వైపు నుంచి మొదలుపెట్టండి. ఏ, బి ఎలాగూ వచ్చేశాయి.